పదో తరగతి పిల్లలకు పరిణామ పాఠం కావాలి: కేంద్ర విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను పల్నాడు పత్తి ప్రాంతంలో ఒక సీబీఎస్‌ఈ బడిలో జీవశాస్త్రం చెప్తాను. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో అనువంశికత, పరిణామం (జీవులు తరతరాలుగా ఎలా మారుతూ వస్తాయన్నది) కలిపి ఒక అధ్యాయం ఉండేది. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని 2022లో చేసిన కోతల్లో పరిణామం పోయింది, అనువంశికత మిగిలింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు, సైన్సు అభిమానులు ఆ పాఠాన్ని తిరిగి చేర్చమని సంతకాలు చేసి అడిగారు. అదే మాట నేను మా తరగతి గది నుంచి అడుగుతున్నాను.

పన్నెండో తరగతి పుస్తకంలో ఉంది కదా అని అప్పట్లో జవాబు వచ్చింది. ఉంది, కానీ అది జీవశాస్త్రం ఎంచుకున్నవాళ్లకే. ఎంపీసీకి, కామర్సుకి వెళ్లే పిల్లలు, పదితోనే చదువు ఆపేసే పిల్లలు ఆ పేజీ తిప్పరు. అందరూ ఒకే సైన్సు చదివే ఆఖరి తరగతి పదే.

తీసేసిన పేజీల్లో పెంకు పురుగుల బొమ్మలు ఉండేవి. పచ్చటి పొదల్లో ఎర్ర పురుగులుంటాయి, కాకులు వాటిని ఏరుకు తింటుంటాయి. ఒకటి పచ్చగా పుడుతుంది. ఆకుల్లో కలిసిపోయి కాకి కంట పడదు, దాని సంతతి పెరుగుతుంది. పక్క బొమ్మలో ఒకటి నీలంగా పుడుతుంది. కాకి దాన్నీ వదలదు. కానీ ఓ ఏనుగు వచ్చి పొదను తొక్కేస్తే, ఎక్కువగా మిగిలినవి నీలం పురుగులు. రెండు గుంపుల్లోనూ రంగు మారింది, కారణం ఒకటేనా అని అడిగితే చాలు, తరగతి రెండుగా చీలి వాదులాడుకునేది. ఎవరి మాట నెగ్గాలన్నా రుజువు చూపించాలి: కాకులు లేనిచోట ఏమవుతుంది, ఏనుగు రాకపోతే ఏమవుతుంది? ప్రయోగశాల లేని బడిలో కూడా శాస్త్రీయ పద్ధతిని ఇంత తేలిగ్గా నేర్పే పాఠం నాకు మరొకటి కనిపించలేదు. భారం తగ్గించడానికి మనం తీసేసింది దీన్ని!

కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదని 2018 జనవరిలో మీ శాఖ సహాయ మంత్రిగా ఉన్నవారే అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు వెంటనే ఖండించాయి. కోతీ మనిషీ ఒకే పూర్వీకుల నుంచి వేరుపడ్డారన్నది శాస్త్రం చెప్పేది. ఇక కళ్లారా చూడటమే కావాలంటే మా పత్తి చేలకు రావాలి.

ఒక బాక్టీరియా జన్యువును చేర్చి, పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా చేసిన బీటీ పత్తికి 2002లో అనుమతి ఇచ్చారు. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు మొదటి రకాన్ని తట్టుకుంటోందని 2010లో గుజరాత్‌లో తేలింది. కొన్నేళ్లకు రెండో రకాన్నీ తట్టుకుంది. ఇప్పుడు గుడ్డి పూలు (ఈ పురుగు చేరి విచ్చుకోని పూలు) కనిపిస్తే రైతు గుండె జారిపోతుంది. పురుగు ‘అలవాటు పడిందని’ ఊళ్లో అంటారు. నిజానికి ఏ పురుగూ అలవాటు పడలేదు. విషాన్ని ఓర్చుకునే గుణంతో పుట్టిన కొద్ది పురుగులు బతికాయి, మిగతావి చచ్చాయి, బతికినవే పిల్లల్ని పెట్టాయి.

ఇది ముందే ఊహించారు కాబట్టే 450 గ్రాముల బీటీ విత్తనాలతో పాటు 120 గ్రాముల నాన్‌ బీటీ ప్యాకెట్ ఇచ్చేవారు. చేను చుట్టూ ఆ సాళ్లు వేస్తే వాటిలో మామూలు పురుగులు బతికి, ఓర్పున్న అరుదైన పురుగులతో జత కట్టి, ఆ గుణాన్ని పలచబరుస్తాయి. అయితే ఆ చిన్న ప్యాకెట్ చాలా చోట్ల గట్టు మీదే ఉండిపోయింది. పురుగుకు మేత వేయడమేమిటని రైతు అనుకోవడంలో తప్పులేదు, ఎందుకు వేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. అతని కూతురికైనా పదో తరగతిలో చెబుదామంటే పుస్తకంలో పాఠం లేదు.

పొలంలోనే కాదు, ఆసుపత్రిలోనూ ఇదే పాఠం కనిపిస్తుంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్. 2023లో ప్రభుత్వమే దాని నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంత బాధపెట్టే జన్యువు తరతరాలుగా ఎందుకు మిగిలింది? మలేరియా ఉన్నచోట కొన్ని రక్తహీనత జన్యువులు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే మలేరియా నుంచి రక్షణ ఇస్తాయని 1949లో బ్రిటన్‌లో పుట్టిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఊహించాడు. సికిల్ సెల్ విషయంలో ఆ ఊహ సరైనదేనని 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త పరిశీలనలు చూపించాయి. హాల్డేన్ భారత పౌరసత్వం తీసుకుని 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. పరిణామ శాస్త్రానికి గణితపు పునాది వేసినవారిలో ఒకరు మన పిల్లల చదువుకే తన ఎముకలు ఇచ్చిపోతే, ఆ శాస్త్రాన్ని వాళ్లకు రెండేళ్లు ఆలస్యంగా, అదీ కొందరికే చెప్పడం నాకు చాలా బాధగా ఉంది.

2023 జాతీయ పాఠ్యప్రణాళిక ప్రకారం పుస్తకాలు మారుతున్నాయి కాబట్టి అడగాల్సిన సమయం ఇదే. పదో తరగతిలో పరిణామం పూర్తి పాఠంగా ఉండాలి. మన పొలాల నుంచి, మన ఆసుపత్రుల నుంచి ఉదాహరణలు తీసుకోండి. ‘అదనపు సమాచారం’ అని పెట్టె కట్టి మూల పెట్టకండి, బోర్డు పరీక్షలో దానికి మార్కులు ఉండాలి. మార్కులు లేని పాఠాన్ని మా బళ్లలో ఎవరూ చెప్పరు, ఎవరూ చదవరు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు