మామునూరు రన్‌వే తవ్వే ముందు ఒకసారి కొలవండి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్ దగ్గర మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి ఆఖరులో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి దాని మీద మీ పత్రికలో వచ్చిన ప్రతి వార్తా చదువుతున్నాను. ఎకరానికి ఎంత ఇస్తారు, రన్‌వే ఎంత పొడవు పెంచుతారు, మొదటి విమానం ఎప్పుడు ఎగురుతుంది అన్నవన్నీ వస్తున్నాయి, రావాలి కూడా. కానీ ఆ నేల మీద ఇప్పటికే ఉన్న రన్‌వే సంగతి వచ్చేసరికి ‘నిజాం కాలం నాటిది’ అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ఆ ముక్క వెనక ఎంత ఉందో చెప్పాలనే ఈ ఉత్తరం. మాది పాత నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. వరంగల్ సంగతి నల్లగొండ వాళ్లకెందుకు అని ఎవరైనా అంటే, ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదవమని మనవి.

మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్‌లో ఉంటారు. వాళ్ల దగ్గర ఉన్నప్పుడు డోర్సెట్ జిల్లాలోని క్రాస్‌వేస్ అనే ఊరికి వెళ్లాను. మోర్టన్ అనే చిన్న స్టేషన్‌లో రైలు దిగితే ఊళ్లో ఉన్నట్టే. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ వార్మ్‌వెల్ అనే సైనిక విమానక్షేత్రం ఉండేది. 1937లో వుడ్స్‌ఫోర్డ్ అన్న పేరుతో తెరిచారు, మరుసటి ఏడు పేరు మార్చారు. సిమెంటు రన్‌వే లేదు, ఒట్టి పచ్చికబయలు మీది నుంచే విమానాలు లేచేవి. 1940 జూలైలో పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని జర్మన్ బాంబుల నుంచి కాపాడటానికి అక్కడికి స్పిట్‌ఫైర్ విమానాల దళం ఒకటి వచ్చింది. దాని పేరు 152వ ‘హైదరాబాద్’ స్క్వాడ్రన్. దాని చిహ్నం మన నిజాం తలపాగా.

నేను అంత దూరం వెళ్లింది ఆ పేరు కోసమే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ దళానికి హైదరాబాద్ పేరు పెట్టారు. 253వ దళానికీ అదే పేరు. అది 1940 ఆగస్టు ఆఖరులో లండన్ దక్షిణాన కెన్లీకి వచ్చి హరికేన్ విమానాలతో పోరాడింది. అంతకు ముందు, మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాదిలో, 110వ దళానికి మొత్తం విమానాలు నిజామే కొనిచ్చారు. ప్రతి విమానం మీదా ఆయన కానుక అని రాయించారు. వాటిలో ఒకదాన్ని 1918 అక్టోబరులో జర్మన్లు పట్టుకుని బెర్లిన్ తీసుకుపోయారు. తర్వాత అది పోలండ్ చేరి, చివరికి లండన్ హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియానికి వచ్చింది. దాని మీద ‘హైదరాబాద్ నంబర్ 12ఎ’ అని రాసి ఉంటుంది. లండన్‌లో పిల్లలున్న మన తల్లిదండ్రులు తప్పకుండా చూడాల్సిన విమానం అది.

వార్మ్‌వెల్‌లో ఇప్పుడు ఏముంది అంటారా? యుద్ధం అయ్యాక మైదానంలో చాలా భాగాన్ని కంకర కోసం తవ్వేశారు. శిబిరం ఉన్న వైపు ఊరు పెరిగింది. అయినా కొన్ని నిలిచాయి. విమానాల రాకపోకలు గమనించే కంట్రోల్ టవర్‌ను ఇల్లుగా మార్చుకుని కాపురం ఉంటున్నారు. సైనికుల సినిమాహాలే ఇవాళ ఊరి హాలు. రెండు బెల్‌మన్ హ్యాంగర్లు మిగిలాయి. అవి విడదీసి మరోచోట బిగించుకునేలా ఉక్కు ముక్కలతో చేసిన పెద్ద షెడ్లు, 95 అడుగుల వెడల్పు, 175 అడుగుల పొడవు. యుద్ధం వస్తోందని తొందరగా నిలబెట్టడానికి 1936లో గీసిన నమూనా అది. ఇన్నేళ్లయినా పడిపోలేదు, పనికొస్తూనే ఉన్నాయి. ఎవరో వచ్చి అద్దాల పెట్టెలో పెట్టినందువల్ల అవి మిగల్లేదు. కూల్చే బదులు వాడుకుందాం అని ఆ ఊరివాళ్లు అనుకున్నందువల్ల మిగిలాయి. నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది ఇదే. దళాలను తలుచుకుంటూ ఒక స్మారక శిల కూడా నిలిపారు. వార్మ్‌వెల్ చర్చి ఆవరణలో వైమానికుల సమాధులున్నాయి. ఇరవై దాటీ దాటని పిల్లలు. తరగతి గదుల్లో జీవితం గడిపినదాన్ని, ఆ వయసులు చదువుతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అక్కడ నిలబడి ఇంకో సంగతి కూడా ఆలోచించాను. అది నల్లగొండ సంగతి. నిజాం దానం చేశాడని అందరం అంటాం. నిజాం ఖజానా నింపింది ఎవరు? శిస్తు కట్టిన రైతులు. యుద్ధకాలంలో లెవీ ధాన్యం, అంటే సర్కారుకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన ధాన్యం, పేరు చెప్పి మా జిల్లా రైతుల కల్లాల మీద పడి గింజలు కొలుచుకుపోయారు. దేశ్‌ముఖుల గాదెల జోలికి పోకుండా చిన్న రైతు ఇంట్లో తిండిగింజలు తీశారు. వెట్టికి లెవీ తోడై ఊళ్లు మండిపోయాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య గుండ్లకు బలైన నాటికి ఆ జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోదే. డోర్సెట్ ఆకాశంలో హైదరాబాద్ పేరు ఎగరడానికీ, ఇక్కడి కల్లం ఖాళీ కావడానికీ సంబంధం లేదని నేను అనుకోలేను. క్రాస్‌వేస్ ఊరివాళ్లకు ఇది తెలియదు, వాళ్ల తప్పు కాదు. మన పిల్లలకు తెలియకపోవడం మాత్రం నాకు బాధ.

ఇక మామునూరు. 1930లో నిజాం హయాంలో 1,875 ఎకరాల్లో కట్టిన విమానాశ్రయం అది. వరంగల్‌లోని అజంజాహీ బట్టల మిల్లుకూ, కాగజ్‌నగర్ కాగితం మిల్లుకూ వచ్చిపోయేవాళ్లు అక్కడ దిగేవారు. 1981 దాకా విమానాలు నడిచాయి. తర్వాత ఆ భూమిలో కొంత పోలీసు బెటాలియన్‌కూ, డెయిరీకీ, ఇంకా వేరే అవసరాలకూ పోయింది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో మిగిలింది 700 ఎకరాల లోపే. 2024లో మరో 253 ఎకరాల సేకరణకు రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసింది.

1948లో హైదరాబాద్ సంస్థానంలోని విమానక్షేత్రాలు ఎంత కీలకమయ్యాయో మనకు పాఠ్యపుస్తకాల్లో రాలేదు. ఆ ఏడాది సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాం ప్రభుత్వానికి ఆయుధాలు చేరవేశాడు. సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం, అంటే భారత సైన్యం, నలువైపుల నుంచి సంస్థానంలోకి కదిలింది. తూర్పు దళం బెజవాడ వైపు నుంచి మునగాల మీదుగా వచ్చింది. సూర్యాపేటలో కాల్బలం అడుగుపెట్టే ముందు యూనియన్ టెంపెస్ట్ యుద్ధవిమానాలు దాడి చేశాయి. వెనక్కి పోతూ నిజాం సైన్యం మూసీ వంతెన పేల్చేసింది. దాన్ని కాపలా కాసేవాళ్లు లేక యూనియన్ సైన్యం త్వరగానే బాగు చేసుకుని నార్కట్‌పల్లి వైపు సాగింది. అప్పటికి మా అమ్మ పన్నెండేళ్ల పిల్ల. మోత వినగానే ఇంటిల్లిపాదీ జొన్నచేలో దూరి మట్టిలో బోర్లా పడుకున్నారట. ‘మనవేనా, వాళ్లవా?’ అని అమ్మమ్మను అడిగితే, ‘పైనున్నయి ఎవలయైతేంది బిడ్డా, తల ఎత్తకు’ అందట. అమ్మ ఈ మాట చాలాసార్లు చెప్పింది. నేను తరగతిలో మాత్రం సెప్టెంబర్ 17 అని తేదీ చెప్పి పాఠం ముగించేదాన్ని, సిలబస్‌లో ఉన్నది అంతే.

విమానాశ్రయం వద్దని నేను అనడం లేదు. ఓరుగల్లుకు విమానాలు రావాలి. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి రైతులకు న్యాయమైన ధర ముందు దక్కాలి, మిగతావన్నీ దాని తర్వాతే. నా కోరిక ఖర్చు లేనిది. పాత రన్‌వేను తవ్వేలోగా దాన్ని కొలిచి, ఫొటోలు తీసి, మ్యాపు గీయించండి. పొరల్లో ఏం వాడారో ఇంజనీర్లు రాసి పెట్టాలి. చుట్టూ పాత గోడ, షెడ్డు, బావి, హద్దురాయి ఏది కనిపించినా లెక్కలోకి రావాలి. 2017లో మన రాష్ట్రం వారసత్వ చట్టం చేసుకుంది. వారసత్వ శాఖ మనిషి ఒకరు భూసేకరణ సర్వేయర్ల వెంట తిరిగితే ఈ పని అయిపోతుంది. పాత రన్‌వేలో ఒక ముక్కను టెర్మినల్ ముందర అలాగే ఉంచి బోర్డు పెట్టాలి. టెర్మినల్‌కు కాకతీయ తోరణం పెడితే నాకూ సంతోషమే, కానీ ఆ స్థలం సొంత చరిత్ర కూడా అక్కడ ఉండాలి. బోర్డు మీద నిజాం పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. ఆ నేల దున్నుకున్న ఊళ్ల పేర్లూ రాయాలి.

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి జిల్లాల పాఠకులకు ఒక మనవి. మీ ఇళ్లలో ఎనభై అయిదు దాటిన పెద్దవాళ్లుంటే 1948లో విమానాలు చూశారేమో అడగండి. ఏ ఊరు, ఏ చేను, ఎటు నుంచి వచ్చాయి, ఎవరు చెప్పగా దాక్కున్నారు, అన్నీ ఫోన్‌లో రికార్డు చేయండి. లెవీ రసీదులు, పాత ఫొటోలు ఉంటే పారేయకండి, జిరాక్సు తీయించి జిల్లా గ్రంథాలయంలో ఇవ్వండి. గ్రంథాలయ సంస్థ వాళ్లు వీటికి ఒక బీరువా కేటాయిస్తే, వచ్చినవన్నీ తేదీ, ఊరు వారీగా సర్ది జాబితా రాసే పని నేను చేస్తాను. సోమవారం నుంచి శనివారం దాకా ఏ పూటైనా నాకు వీలే.

ఇట్లు,
రిటైర్డ్ సోషల్ టీచర్,
సూర్యాపేట