ప్రూఫ్ నాణేన్ని తూకంతో కొలవకండి

సంపాదకులకు నమస్కారం.

బంగారు నాణేలు కొనేవారికి సలహాలిస్తూ మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో పందొమ్మిదో శతాబ్దపు ప్రూఫ్ నాణేలనూ (సేకర్తల కోసం ప్రత్యేకంగా కొట్టినవి), ఇప్పటి బులియన్ నాణేలనూ (వాటిలోని బంగారం కోసమే కొనేవి) ఒకే పట్టికలో పెట్టారు. గ్రాము బంగారానికి ఎంత పడుతుందో లెక్కగట్టి, పాత ప్రూఫ్‌లు గిట్టుబాటు కావని తేల్చారు. బులియన్‌కు ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. ప్రూఫ్‌కు మాత్రం అసలు వర్తించదు. ఆ పట్టిక చూసి ఎవరైనా తాతల నాటి ప్రూఫ్ నాణేన్ని కరిగించే ధరకు అమ్ముకుంటారేమోనన్న ఆందోళనతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉద్యోగం చేసినంత కాలం ఉక్కు అచ్చులు తయారుచేసి మెరుగుపెట్టాను. నాణేల అచ్చులు కావు, యంత్ర భాగాలవి. అయినా అచ్చు ముఖాన్ని అద్దంలా తేల్చడానికి ఎంత ఓపిక కావాలో నా చేతులకు తెలుసు. చివరి దశలో ఒక్క ఇసుక రేణువు పడితే పని మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే ప్రూఫ్ నాణెం ఎదురైతే నా కన్ను మొదట వెతికేది బంగారాన్ని కాదు, దాన్ని కొట్టిన అచ్చును.

ప్రూఫ్ అంటే బాగా దాచిన నాణెం అని వ్యాసంలో రాశారు. అది నాణెం స్థితిని చెప్పే మాట కాదు, తయారుచేసిన పద్ధతిని చెప్పేది. ప్రత్యేకంగా మెరుగుపెట్టిన అచ్చులు, మెరుగుపెట్టిన బిళ్లలు (ఇంకా ముద్ర పడని లోహపు ముక్కలు) వాడతారు. ఒక్కొక్క బిళ్లను చేత్తో పెట్టి, చలామణీ నాణేలకు వాడేదానికంటే ఎక్కువ ఒత్తిడితో ముద్రిస్తారు. అందువల్ల బొమ్మ చుట్టూ ఖాళీగా ఉండే నేలభాగం అద్దంలా మెరుస్తుంది, అంచు పదునుగా లేస్తుంది, అక్షరాల మూలలు నిక్కచ్చిగా తేలతాయి. కొత్త అచ్చు కొట్టిన మొదటి కొన్ని నాణేల మీద బొమ్మ మసక తెలుపుతో అద్దం మీద తేలినట్టు ఉంటుంది. దాన్ని సేకర్తలు కామియో అంటారు. అచ్చు అరుగుతున్నకొద్దీ ఆ మసకదనం పోయి బొమ్మ కూడా మెరవడం మొదలవుతుంది. అంటే ఒక పాత ప్రూఫ్‌ను చూసి, అది అచ్చు జీవితంలో ముందు పుట్టిందో తర్వాత పుట్టిందో చాలావరకు చెప్పవచ్చు. తూకం యంత్రం ఈ సంగతి ఎప్పటికీ చెప్పలేదు.

ఒక ఉదాహరణ ఇస్తాను. ఫిలడెల్ఫియాలోని అమెరికా టంకశాల 1875లో మూడు డాలర్ల బంగారు నాణేన్ని చలామణీ కోసం ఒక్కటి కూడా ముద్రించలేదు. ప్రూఫ్‌లు మాత్రమే కొట్టింది, లెక్కల్లో నమోదైనవి 20. ఆ నాణెం బరువు ఐదు గ్రాములు, అందులో బంగారం నాలుగున్నర గ్రాములు. మీ పట్టిక ప్రకారం దాని విలువ ఒక చిన్న ఉంగరం విలువ! ఆ ఫిలడెల్ఫియా టంకశాలే 1858 నుంచి ప్రూఫ్‌లను సామాన్య సేకర్తలకు బహిరంగంగా అమ్మడం ప్రారంభించింది. బంగారు ప్రూఫ్‌లు కొనగలిగినవారు ఆ రోజుల్లో కొద్దిమందే. అమ్ముడుపోనివాటిని టంకశాల కరిగించేది, లేదా మామూలు నాణేల్లో కలిపేసేది. మిగిలినవి ఎవరో ఒకరు తరం తర్వాత తరం వేలిముద్ర పడకుండా కాపాడితే మిగిలినవే. ఇంగ్లండులో నాణేల అచ్చులు చెక్కే విలియం వయన్ 1839 నాటి ఐదు పౌండ్ల ప్రూఫ్ మీద విక్టోరియా రాణి సింహాన్ని నడిపిస్తున్నట్టు చెక్కాడు. అది కూడా చలామణీకి వెళ్లే నాణెం కాదు.

ఇక్కడ నాకు ప్రాణమైన విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. 1908లో అమెరికా టంకశాల అద్దపు మెరుపు మాని, ఇసుక చిమ్మినట్టు గరుకుగా ఉండే మ్యాట్ ప్రూఫ్‌లు తెచ్చింది. సేకర్తలు మెరుపు పోయిందని మండిపడ్డారు. 1909లో కాస్త మెరిసే రకానికి మారారు, దాని మీదా ఫిర్యాదులే. 1911లో మళ్లీ మ్యాట్‌కే వచ్చి, 1915తో బంగారు ప్రూఫ్‌లనే ఆపేశారు. నా దృష్టిలో ఆ మ్యాట్ నాణేలు ఆ కాలపు పనితనానికి పరాకాష్ఠ. మెరుపు అడ్డం లేనప్పుడే చెక్కినవాడి గీత పూర్తిగా కనిపిస్తుంది. వీటి గురించి తెలియనివారు ఇవి మాసిపోయాయనుకుని రుద్దుతారు. దానితో నాణెం కథ ముగుస్తుంది.

బంగారం కోసం దాచిన నాణేనికీ, సేకర్తల నాణేనికీ ఉన్న తేడాను చట్టమే గుర్తించిన సందర్భం కూడా ఉంది. 1933 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రజల దగ్గరున్న బంగారాన్ని అప్పగించమని ఉత్తర్వు ఇచ్చాడు. సేకర్తల దృష్టిలో ప్రత్యేక విలువ గల అరుదైన నాణేలకు అదే ఉత్తర్వులో మినహాయింపు ఇచ్చాడు.

బులియన్ నాణేలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నా దగ్గరా ఉన్నాయి. 1967లో దక్షిణాఫ్రికా క్రూగరాండ్ తెచ్చింది సామాన్యుడు కూడా ఒక ఔన్సు బంగారాన్ని సులభంగా కొని అమ్ముకోవడానికే. తర్వాత 1979లో కెనడా మేపుల్ లీఫ్, 1986లో అమెరికా ఈగిల్, 1989లో వియన్నా ఫిల్‌హార్మోనిక్ వచ్చాయి. బంగారం ధరకు దగ్గరగా కొనాలి, దగ్గరగా అమ్మాలి అనుకునేవారికి ఇవే సరైనవి. అయితే క్రూగరాండ్ 22 క్యారట్లు కాబట్టి దానిలో బంగారం తక్కువ అని మీరు రాసింది సరికాదు. దాని మొత్తం బరువు 33.93 గ్రాములు. రాగిని తీసేస్తే మిగిలే బంగారం 31.1 గ్రాములు, అంటే సరిగ్గా ఒక ట్రాయ్ ఔన్సు. మేపుల్ లీఫ్‌లోనూ అంతే ఉంటుంది. రాగి కలవడం వల్ల క్రూగరాండ్ గట్టిగా ఉంటుంది, మేపుల్ లీఫ్ మీద గీతలు త్వరగా పడతాయి.

పాఠకులు నిజంగా నష్టపోయే చోటును వ్యాసం పట్టించుకోలేదు. అది ఈ రెండింటికీ మధ్య ఉంది. ఇప్పటి టంకశాలలు బులియన్ నాణేలకే ప్రూఫ్ రూపం ఇచ్చి, ప్లాస్టిక్ గుళికలో, అందమైన పెట్టెలో పెట్టి అమ్ముతున్నాయి. చాలా అందంగా ఉంటాయి, ఇష్టపడి కొనుక్కుంటే అభ్యంతరం లేదు. కానీ ఒక ఔన్సు ఈగిల్ ప్రూఫ్ 1986 ఒక్క సంవత్సరంలోనే నాలుగు లక్షలకు పైగా తయారైంది. దాన్ని 20 నాణేలున్న 1875 ప్రూఫ్‌తో ఒకే గాటన కట్టలేం. కొనేటప్పుడు అదనంగా ఇచ్చిన సొమ్ము అమ్మేటప్పుడు చాలాసార్లు తిరిగి రాదు. నాణెం ఎంత బాగా ఉందో చెప్పే గ్రేడు సంఖ్య చూసి కూడా మోసపోకూడదు. 70 వరకు ఉన్న ఆ కొలమానంలో కొత్త ప్రూఫ్ 69 తెచ్చుకోవడం మామూలే. నూట నలభై ఏళ్ల నాటి బంగారు ప్రూఫ్ 65 దగ్గర నిలిచిందంటే దాన్ని చూడటానికి సేకర్తలు ఎంత దూరమైనా వెళతారు.

రెండు సవరణలు వెంటనే వేయమని కోరుతున్నాను. ఒకటి, పాత నాణేన్ని మెత్తని గుడ్డతో తుడిచి మెరిపించమన్న సలహాను వెనక్కి తీసుకోండి. ప్రూఫ్ అద్దం మీద గుడ్డ ఒక్కసారి తగిలినా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు పడతాయి. వాటిని ఏ మందూ, ఏ మెరుగూ పోగొట్టలేవు. రెండోది, వ్యాసం పక్కన వేసిన ఫొటో. అందులో ప్రూఫ్ నాణేన్ని బొటనవేలు బొమ్మ మీద ఆనించి పట్టుకున్నారు. నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి, కింద మెత్తని గుడ్డ పరచి ఉండాలి, నాణెం మీదకు వంగి మాట్లాడకూడదు. పడిన తుంపర తర్వాత మచ్చగా తేలుతుంది. ఇంట్లో పెద్దల పెట్టెలో నాణెం దొరికినవారు ముందుగా ఈ మూడూ పాటించి, ఏమీ తుడవకుండా, తెలిసినవారికి చూపించుకునేలా మీ పేజీలో ఒక చిన్న పెట్టె వార్త వేస్తే ఎంతో మేలు.

భవదీయుడు,
ఒక విశ్రాంత అచ్చుల పనివాడు, నాణేల సేకర్త