మా అమ్మాయిని మ్యాట్ ఎక్కించిన వాళ్లందరికీ

నిన్న పినాకిని రైల్లో విజయవాడ నుంచి తిరిగొచ్చాం. మా అమ్మాయికి అది మొదటి కుస్తీ పోటీ. ఓడిపోయింది. అయినా ఆ మ్యాట్ దాకా పోవడానికి ఎంతమంది చెయ్యందించారో నలుగురిలో చెప్పుకోకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. అందుకే ఇది రాస్తున్నా.

నేను నెల్లూరు వేదాయపాళెంలో ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటా. మా ఆయన లారీ మీద పోతాడు, నెలలో పది రోజులు ఇంటిపట్టున ఉంటే ఎక్కువ. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్‌ను 100 గ్రాముల బరువు ఎక్కువుందని ఫైనల్ రోజు పొద్దున తప్పించారు కదా, ఆ రోజంతా మా పిల్ల ఏడుస్తూనే ఉంది. మర్నాడు లేచి, "అమ్మా, నేను కుస్తీ నేర్చుకుంటా" అంది. నవ్వేశా. టీవీలో కుర్చీలెత్తి కొట్టుకుంటారే, అదే కుస్తీ అనుకునేదాన్ని అప్పటికి. మా అత్తయితే, "చెవులు నలిగి బొప్పి కట్టినాక ఎవడు చేసుకుంటాడే దీన్ని" అని మొదలుపెట్టింది. మొదట పోయిన ఒక చోట, ఆడపిల్లలకు వేరే టైము లేదని గుమ్మంలోనే పంపించేశారు. దాని పేరు ఇప్పుడెందుకులే.

ముందుగా కోచ్ సార్‌కు. పేరు రాస్తే ఊరుకోనన్నారు, రాయను. మొదటి రోజే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఇద్దరు పిల్లల చేత ఆడించి చూపించారు. "ఇది గ్రీకో రోమన్ అమ్మా. నడుము కింద పట్టకూడదు, కాలు అడ్డం పెట్టి పడెయ్యకూడదు. అంతా చేతులూ ఛాతీ బలమే. ఇదేమో ఫ్రీస్టైల్. కాళ్లు పట్టొచ్చు, మడమ లాగొచ్చు. ఒలింపిక్స్‌లో అమ్మాయిలకు ఉండేది ఈ ఒక్కటే, అదీ 2004 నుంచే" అన్నారు. "అంటే సార్, మొదటిది జాకెట్టు, రెండోది చుడీదార్ సెట్టు" అన్నా. ఇప్పటికీ కొత్త తల్లిదండ్రులు వస్తే ఆ మాటే చెప్పి నవ్వుతారాయన.

ఆయన తిట్టిన తిట్టుకు కూడా దండం పెట్టుకోవాలి. పోటీకి నెల ముందు, కిలోన్నర తగ్గితే తక్కువ బరువు వాళ్ల గుంపులో ఆడొచ్చు, గెలవడం తేలికని ఎవరో చెప్పారు. నేను వినేశా. రాత్రిపూట అన్నం మానిపించి రెండు రోజులు గంజి పోశా. మూడో రోజు ప్రాక్టీసులో పిల్ల కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. సార్ నన్ను పిలిపించారు. "ఎదిగే పిల్లమ్మా! ఎంత బరువుంటే అంతలోనే ఆడుతుంది. ఇంకోసారి కడుపు మాడిస్తే పిల్లను తీసుకురావద్దు" అన్నారు. ఎవరికో 100 గ్రాములు ఎక్కువైందని ఏడ్చిన పిల్లకు నేనే ఆ పని చేశానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గోడ పక్కన కుర్చీలో కూర్చునే వస్తాదు తాతకు. "మాది ఎర్రమట్టి గోదా. నూనె, పసుపు కలిపి తవ్వుకునేవాళ్లం. ఈ రబ్బరు చాప మీద ఆట మొదలెట్టేలోపే అయిపోతుంది" అని రోజూ సణుగుతాడు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో కుస్తీకి కంచు పతకం తెచ్చిన కె.డి. జాదవ్ మట్టిలో నేర్చినవాడేనని రోజుకోసారి గుర్తుచేస్తాడు. కానీ మెడ గట్టిపడే కసరత్తులు, తలా పాదాలూ ఆనించి నడుము పైకి లేపే వంతెనా మా పిల్లకు ఒక్కొక్కటీ దగ్గరుండి నేర్పింది ఆయనే. రెండు భుజాలూ నేలకు ఆనితే ఆట అక్కడితో సరి. ఆనకుండా కాపాడేది ఆ వంతెనే.

తన కూతురికి బిగుతైన బూట్లు మాకిచ్చిన పడుగుపాడు అక్కకు, వర్షంలోనూ టైము తప్పని ఆటో మామకు. మెడ మీద రూపాయి బిళ్లంత తామర లేస్తే మందు రాసి, ఫీజు పుచ్చుకోని డాక్టరమ్మకు. ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడితే అంటుకుంటుందట. ఇప్పుడు మా పిల్ల తువ్వాలు మీద పేరు కుట్టేశా.

కుట్టు అంటే గుర్తొచ్చింది. పోటీలో వేసుకునే సింగ్లెట్టు, అంటే ఒంటికి అతుక్కునే కుస్తీ డ్రెస్సు, ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం. ఏ రంగు పడుతుందో ముందు తెలియదు కాబట్టి రెండూ దగ్గరుండాలి. రెండు సింగ్లెట్లు కొనాలంటే నా వారం కూలి. ఇంత కుట్టేదాన్ని ఇది కుట్టలేనా అని సాగే బట్ట తెచ్చి, జాకెట్టుకు వేసే కుట్టే వేశా. ప్రాక్టీసులో పిల్ల అవతలి అమ్మాయి కాలు అందుకోవడానికి వంగిందో లేదో, వెనక పర్రుమంది! లోపల పొట్టి లాగు ఉంది కాబట్టి సరిపోయింది. నా పద్దెనిమిదేళ్ల పనితనం మాత్రం ఆ రోజు మ్యాట్ మీద పరువు పోగొట్టుకుంది. సాగే బట్టకు సూది వేరు, కుట్టు వేరు అని విడమరిచి చెప్పి, తన ఓవర్‌లాక్ మిషను నాలుగు రోజులు వాడుకోనిచ్చిన స్టోన్‌హౌస్‌పేట టైలరన్నా, నీ రుణం ఎట్ట తీర్చుకోవాలో తెలియడం లేదు.

విజయవాడలో మా పిల్లకు నీలం పడింది. ఈ వయసు వాళ్లకు రెండేసి నిమిషాలు రెండు రౌండ్లు. మాది మొదటి రౌండు కూడా దాటలేదు. ఫ్రీస్టైల్‌లో పది పాయింట్ల తేడా వస్తే ఆట ఆపేస్తారు, 11-1 దగ్గర ఆపేశారు. ఆ ఒక్క పాయింటూ అవతలి అమ్మాయిని గీత దాటించి తెచ్చుకుంది. నేను బెంచీ దగ్గరికి పరుగెత్తేసరికి చెమట తుడుచుకుంటూ, "అమ్మా, కుట్టు ఊడలేదు" అంది.

ఇంటికి రాగానే మా అత్త నువ్వుల నూనె కాచి పిల్ల కాళ్లు పట్టింది. "ఆ ఒక్క పాయింటు ఎట్ట వచ్చిందే, చెప్పు" అని మూడుసార్లు అడిగి చెప్పించుకుంది.

ఆదివారం పొద్దున ఆరున్నరకు క్లబ్బుకు పులిబొంగరాలు, ఎర్రకారం తెస్తున్నా. తూకం చూసుకునే వాళ్లుంటే ముందే చూసుకోండి. సింగ్లెట్లు కావాల్సిన పిల్లలు అప్పుడే కొలతలివ్వండి. కుట్టుకూలి వద్దు, బట్ట మాత్రం మీరే తెచ్చుకోండి, ఎరుపు రెండు మీటర్లు నా దగ్గర మిగిలే ఉంది.