పని హామీకి పొలిమేరే కొలమానమా?

సంపాదకులకు,

2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఏడాదికి 100 రోజుల పనిని గ్రామీణ కుటుంబాలకే హామీ ఇచ్చింది. గాజువాక, భీమిలి చుట్టుపక్కల ఊళ్లు మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిశాక, అక్కడి చెరువులూ పనిలేని చేతులూ ఉన్నచోటే ఉన్నా, హామీ మాత్రం పొలిమేర అవతలికి జరిగిపోయింది. పక్కనున్న ఆనందపురం మండలంలో చెల్లే జాబ్ కార్డు ఇవతలి వార్డులో చిత్తు కాగితం.

ప్రాంతాన్ని బట్టి సాయం పంచడం అధికారులకు సులువు, కాదనను. కానీ నగరంలోని ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంటు మెట్ల కింది వాచ్‌మన్ గదిలో, ఐటీఐ పాసై ఏళ్లుగా పని దొరకని కుర్రవాడు ఏ వెనుకబడిన ప్రాంతాల జాబితాలోకీ రాడు. చిరునామాతో పాటు నిరుద్యోగ కాలాన్నీ అర్హతగా తీసుకోవాలి. అందుకు ఉపాధి కల్పనా కార్యాలయంలో పేరు నమోదైన తేదీని ఆధారం చేసుకోవచ్చు. నమోదు గడువు దాటిపోయినవారికి వార్డు సచివాలయంలోనే పునరుద్ధరించుకునే వీలు కల్పించాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం