మన రాళ్ల కథ కూడా వేయండి సార్

ఎడిటర్ గారికి నమస్తే,

మాది అనంతపురం, ఇరవై ఏళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. మొన్న ఆదివారం పాపని లాల్‌బాగ్ బండ ఎక్కిస్తే, 300 కోట్ల ఏళ్ల రాయి అని అక్కడి బోర్డు చదివి అరిచెయ్యి దానిమీద ఆనించి "నాన్నా ఇదెప్పుడూ ఇక్కడే ఉందా" అంది.

లేదు కదా, నేలతో పాటు జరుగుతూ వచ్చింది! అదెలా తెలుస్తుందంటే, లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నెటైట్ (అయస్కాంతానికి స్పందించే ఇనుప ఖనిజం) రేణువులు అప్పటి భూమి అయస్కాంత దిక్కుని పట్టుకుని అలాగే ఉండిపోతాయి, ఆ దిక్కు నేలకి ఎంత వాలి ఉందో కొలిస్తే రాయి ఏ అక్షాంశంలో పుట్టిందో తెలుస్తుంది. 1950ల్లో టెడ్ ఇర్వింగ్ అనే ఆయన కేంబ్రిడ్జ్‌లో మన దక్కన్ లావా రాళ్లని ఇలాగే కొలిచి ఇండియా భూమధ్యరేఖకి కింద నుంచి పైకి వచ్చిందని చూపించాడు, కానీ 1954లో ఆయన థీసిస్‌కి పీహెచ్‌డీ ఇవ్వలేదు. అయినా వదల్లేదు, ఆస్ట్రేలియా వెళ్లి అదే పని చేశాడు, తర్వాత లోకమంతా ఒప్పుకుంది. ఎంత ఓపిక సార్ అది!

బెంగళూరు చుట్టుపక్కల దాదాపు 237 కోట్ల ఏళ్ల నల్లరాతి డైకులు (పాత రాళ్ల పగుళ్లలోకి కరిగిన రాయి ఎక్కి గట్టిపడిన గోడల్లాంటివి) ఉన్నాయి, వాటిని కొలిస్తే ఈ నేల అప్పట్లో ధ్రువానికి దగ్గర్లో ఉండేదని తేలింది. ఇవి మన పిల్లలకి ఎవరు చెప్తారు? వారానికి అరపేజీ చాలు, తెలుగులో వేయండి ప్లీజ్.

ఇట్లు,
మీ పాఠకుడు, బెంగళూరు