టీనేజ్ ప్రేమ సినిమాల మీద కోపమెందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. టీనేజ్ ప్రేమ హాస్య చిత్రాలు ఇంటర్ పిల్లల చదువు పాడుచేస్తున్నాయనీ, వాటిని సెన్సార్ దగ్గరే ఆపేయాలనీ ఒక పాఠకుడు రాసిన లేఖ మీ పత్రికలో చదివాను. జూనియర్ కళాశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఆ వయసు పిల్లలను తరగతిలోనూ చూశాను, సినిమా హాల్లోనూ చూశాను.

ఈ మొర ఇప్పటిది కాదు. జంధ్యాల 1981లో దర్శకుడిగా తొలి అడుగు వేసిందే ‘ముద్దమందారం’ అనే పడుచు ప్రేమకథతో. 2000లో ‘చిత్రం’, ‘నువ్వే కావాలి’ రెండూ ఒకే సంస్థ నుంచి వచ్చి, పెద్ద తారలెవరూ లేకుండానే హాళ్లు నింపాయి. పిల్లలు చెడిపోతారని అప్పుడూ పెద్దలు తలలు పట్టుకున్నారు. ఆనాడు టికెట్ల కోసం తోసుకున్న కుర్రకారుకు ఇప్పుడు నలభై దాటింది. ఇంజనీర్లయ్యారు, డాక్టర్లయ్యారు, తమ పిల్లలను హాస్టళ్లలో వేశారు. కొందరు పత్రికలకు ఇలాంటి లేఖలు కూడా రాస్తున్నట్టున్నారు.

పిల్లలు ఈ సినిమాల్లో ఏం చూస్తున్నారో ఒకసారి వాళ్ల పక్కన కూర్చుని గమనించండి. 2025లో వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’లో ఎంసెట్ తప్పిన కుర్రాడు లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లి అక్కడ ప్రేమలో పడతాడు. నా ముందు వరుసలో కూర్చున్న పిల్లలు ప్రేమ సన్నివేశాలకు ఈలలు వేశారు, నిజమే. కానీ పడీపడీ నవ్వింది మాత్రం ర్యాంకు గురించి ఇంట్లో నడిచే తంతుకు. ఒక అబ్బాయి పక్కవాడి భుజం మీద కొట్టి, “మా నాన్నరా!” అన్నాడు. ఇంట్లో నోరెత్తలేని విషయానికి అక్కడ వందమందితో కలిసి నవ్వగలిగాడు.

నన్ను అడిగితే ఈ కథల్లో పిల్లలను పట్టి లాగేది ప్రేమకన్నా తీరిక. తెర మీది కళాశాలలో క్యాంటీన్ ఉంటుంది, మెట్ల మీద కూర్చుని పొద్దుపోయేదాకా పనికిరాని కబుర్లు చెప్పుకునే స్నేహితులుంటారు. రికార్డు పుస్తకం అడిగే నెపంతో ఒకరినొకరు పలకరించుకుంటారు. మన ఊళ్లలో ఇంటర్ ఎలా నడుస్తోందో చూడండి. ఆటస్థలం లేని అపార్టుమెంటులో కళాశాల, అబ్బాయిలకొక క్యాంపస్, అమ్మాయిలకొక క్యాంపస్. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ స్టడీ అవర్, వారాంతంలో పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. నెలకో రెండు నెలలకో ఔటింగ్ ఇస్తే ఆ కాస్త సమయం బట్టలు ఉతుక్కోవడానికీ అమ్మకు ఫోన్ చేయడానికీ చాలదు. ఎదుటి మనిషితో తడబడుతూ మాట్లాడటం, మాట జారి నాలుక కరుచుకోవడం, కాదంటే చిన్నబోయి మళ్లీ మామూలు కావడం ఆ వయసులో నేర్చుకోవలసిన విద్యలే. వాటికి కాలపట్టికలో చోటు లేదు. ఆకలిగా ఉన్నవాడు మిఠాయి కొట్టు అద్దానికి ముఖం ఆనించి చూస్తుంటే తప్పు కొట్టుదంటామా?

అలాగని ఈ సినిమాలన్నిటినీ నెత్తిన పెట్టుకోను. నా అభ్యంతరం వేరే చోట ఉంది. అమ్మాయి వద్దన్నా వెంటపడటాన్ని పట్టుదలగా చూపించి, చివరికి ఆమె చేత నవ్వించే కథలు ఇంకా వస్తున్నాయి. హీరోకు నలుగురు స్నేహితులు, నలభై జోకులు. ఆ అమ్మాయికి మాత్రం క్లాసులో ఫస్టు రావడం తప్ప మరో గుణముండదు, ఒక్క హాస్యపు మాట రాయరు. నా తరగతుల్లో అసలైన వెటకారమంతా అమ్మాయిల బెంచీల నుంచే వచ్చేది! రచయితలు ఆ బెంచీల వైపు చెవి పెడితే సినిమాకే లాభం.

ఇక సెన్సార్ మాట. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యూఏ ధ్రువపత్రాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఏ వయసువారికి ఏది తగునో ఇంట్లోవాళ్లు తేల్చుకోవడానికే ఆ గుర్తులు. వాటిని చూసి పిల్లలతో ఒక మాట మాట్లాడే ఓపిక లేక నిషేధం అడగడం ఏం న్యాయం?

ఇంత కోపం ఉన్నవారు దాన్ని కాస్త ఇటు మళ్లించాలి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు వద్దు, వారానికి ఒక సెలవు ఇవ్వాలి, ఆ సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదు. కళాశాల అని పేరుపలక పెట్టుకుని అదే కోచింగ్ నడుపుతున్నచోట ఇందులో ఎన్ని అమలవుతున్నాయో తల్లిదండ్రులకు తెలియనిది కాదు. సెలవు రోజుల్లో తరగతులు పెట్టవద్దని రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ హెచ్చరిస్తూనే ఉంటాయి, పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు. ఫీజు కట్టే మనమే ఆదివారం ఆదివారంగా ఉండాలని యాజమాన్యాలను గట్టిగా అడగాలి, మీ పత్రిక కూడా అధికారులను నిలదీయాలి. ఆ రోజు సినిమాకు వెళ్లాలో, కడుపునిండా నిద్రపోవాలో పిల్లలే తేల్చుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు, తెనాలి