కాళ్ల మీద లేచిన కాజ్గిక్: మన గ్రామ సంఘం వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ చమాయ్, అంటే మన యుపిక్ భాషలో నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మనం ఒకే ఒక్క పని నెత్తికెత్తుకున్నాం: అలాస్కాలోని మన యుపిక్ ఊరికి మళ్లీ కాజ్గిక్ కట్టాలని. గోడలు లేచాయి, పైకప్పు వేశాం, లోపల వెచ్చబెట్టే పొయ్యి ఇంకా రాలేదు. అందుకే దీన్ని పూర్తయిన పనిగా రాయడం లేదు.

ఆంకరేజ్, బెథెల్ పట్టణాల్లో పెరుగుతున్న మన పిల్లలకూ ఈ నివేదిక అందుతుంది కాబట్టి వారి కోసం నాలుగు మాటలు. కాజ్గిక్ అంటే పూర్వం ఊరి మగవాళ్లు, ఎదిగిన మగపిల్లలు ఉండే పెద్ద ఇల్లు. సగం నేలలో, సగం పైన. నది మోసుకొచ్చిన మానులతో చట్రం, దాని మీద గడ్డితో సహా కోసిన మట్టిపెళ్లలు. చుట్టూ బల్లలు, నడుమ నిప్పుగుంట, నడినెత్తిన సీలు పేగులతో కుట్టిన కిటికీ. కయాక్ కట్టడం, ఈటె చెక్కడం, పెద్దల మాట వినడం, నిద్రపోవడం అన్నీ అక్కడే. చలికాలపు వేడుకలకు ఊరంతా అక్కడ చేరేది. ఆ ఏడాది వేటలో దొరికిన సీళ్ల మూత్రాశయాలను గాలి ఊది అందులోనే వేలాడదీసేవారు. సీలు ప్రాణం వాటిలో ఉంటుందని నమ్మకం. వేడుక ముగిశాక మంచుకు రంధ్రం చేసి వాటిని నీటిలోకి సాగనంపేవారు, మర్యాద చేసి పంపిన అతిథి మళ్లీ వస్తాడని.

1885లో మొరావియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ మిషనరీలు బెథెల్‌లో స్థిరపడ్డారు. వారి ప్రభావం ఉన్న ఊళ్లలో నృత్యాలు, ముసుగులు మూలపడ్డాయి. 1900లో ఫ్లూ, తట్టు కలిసి వచ్చి ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేశాయి. తర్వాత బడి వచ్చింది, కుటుంబానికో ఇల్లు వచ్చింది. మన కాజ్గిక్‌ను ఎవరో కూల్చారని చెప్పలేం. వాడేవాళ్లు తగ్గి అదే కుంగిపోయింది. కేథలిక్ మిషన్ల కింద ఉన్న కొన్ని తీరగ్రామాల్లో మాత్రం డోలు నిలిచింది. మన యువకులు పాటలు నేర్చుకున్నది ఆ ఊళ్లవాళ్ల దగ్గరే. ఒప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు.

ఇక పని సంగతి. డబ్బు కంటే ఎక్కువగా నేల గురించే కొట్లాడుకున్నాం. కాజ్గిక్ అంటే నేలలోకి దిగాలి కదా అని ఒక పక్షం. తవ్వితే గడ్డకట్టిన అడుగునేల కరిగి గుంట కాస్తా చెరువవుతుందని మరో పక్షం. అడుగునేల కరిగి, ఒడ్డు కోసుకుపోయి న్యూటాక్ వాళ్లు ఊరు వదిలి మెర్తార్విక్ అనే కొత్త చోటికి వెళ్లాల్సి రావడం చూసినవాళ్లం కనుక చివరికి రెండో మాటే నెగ్గింది. ఎత్తు సరిచేసుకునే వీలున్న ఇనుపకాళ్ల మీద కట్టాం. మెట్లెక్కి వెళ్లే కాజ్గిక్ ఏమిటని కొందరు పెద్దలు ఇప్పటికీ నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. లోపల మాత్రం ఒకరి ముఖం ఒకరికి కనబడేలా చుట్టూ బల్లలు, నెత్తిన కిటికీ ఉన్నాయి. ఆ రెండింటి దగ్గర రాజీ పడలేదు.

నిలువు స్తంభాలన్నీ కొట్టుకొచ్చిన స్ప్రూస్ మానులే. మన టండ్రాలో చెట్టు లేకపోయినా ఎగువ అడవి నుంచి కస్కోక్విమ్ నది మనకు కలప పంపుతూనే ఉంటుంది. చలికాలంలో స్నోమొబైల్‌కు బండి కట్టి లాక్కొచ్చాం. పలకలు, ఇనుము వేసవిలో వచ్చే సరుకు పడవ బార్జ్‌లో వచ్చాయి. బోల్టుల పెట్టె మాత్రం రాలేదు. అది విమానంలో వచ్చేవరకు పని ఆగింది, ఆ సరుకు కూలి చూసి కోశాధికారి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. జూన్‌లో కింగ్ సాల్మన్ చేపల వేట మీద ఆంక్షలున్నందువల్ల, వల వేసుకోవచ్చని ప్రకటన రాగానే సుత్తులు ఎక్కడివక్కడ పడేవి. అది తప్పని ఈ కార్యవర్గం అనుకోవడం లేదు.

ఆడవాళ్లు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న ఒకే సాయంత్రంలో తేలిపోయింది. తరతరాలుగా అక్కడికి తిండి మోసింది వాళ్లే కాబట్టి ఇకపై అందరికీ అన్ని బల్లలూ.

అక్టోబరులో హలాంగ్ తుపాను శేషం తీరాన్ని చీల్చింది. కిప్నుక్, క్విగిలింగోక్‌లలో ఇళ్లు పునాదుల మీంచి లేచి తేలిపోయాయి. వెయ్యిమందికి పైగా ఊళ్లు విడిచారు, చాలామందిని విమానాల్లో ఆంకరేజ్‌కు తరలించారు. క్విన్‌హాగక్ దగ్గర నునల్లెక్‌లో, 2009 నుంచి పురావస్తు పరిశోధకులు తవ్వుతున్న పాత ఊరి ఒడ్డు కోసుకుపోయి మన పూర్వీకుల చెక్కబొమ్మలు, పనిముట్లు తీరమంతా చెదిరాయి. మన ఊరికి వచ్చిన బంధువులను బడిలో పడుకోబెట్టాం. పైకప్పు ఉండి పొయ్యి లేని కాజ్గిక్ ఆ రాత్రులు ఖాళీగా నిలబడింది. ఈ ఏడాది మా లెక్కల్లో అన్నిటికన్నా బరువైన లోటు అదే. పొయ్యిని ముందు తెప్పించి ఉండాల్సింది, ఆ తప్పు కార్యవర్గానిదే.

ఆదాయవ్యయాల పట్టిక అంగడి తలుపుకు అంటించాం. సందేహాలుంటే సమావేశంలో అడగండి.

ఒక్క పనికి మాత్రం మీ సాయం కావాలి. నడినెత్తిన ఇప్పుడున్నది ప్లాస్టిక్ రేకు. పూర్వం నిప్పుస్నానం, అంటే నిప్పు రాజేసి చెమట పట్టించుకునే స్నానం, వేళ పొగ పోవడానికి తీసి పక్కన పెట్టుకునే ఆ పేగు కిటికీని మళ్లీ కుట్టడానికి మన ఊళ్లో ముగ్గురు అవ్వలు ముందుకొచ్చారు. వసంతంలో గడ్డపు సీలు దొరికినవాళ్లు పేగులను పారేయకుండా కడిగి, గాలి ఊది, ఆరబెట్టి వారికి చేర్చండి. చిరుగులు పడినవైనా తీసుకుంటారు.